నెత్తురు లేని గుండె

దుఃఖం మనిషిని శుద్ధి చేస్తుందని, దాని వెనక ఏదో లోతైన అర్థం ఉంటుందని చెప్పేవాళ్లు మా ఇంటికి వస్తే కుర్చీ వేస్తాను, మంచినీళ్లు ఇస్తాను. ఆ మాట మాత్రం వినను. దుఃఖం ఒక గురువట. నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. గురువుల సంగతి నాకు కొంచెం తెలుసు. పిల్లకు పాఠం రావడం కోసం దాని తమ్ముణ్ణి చంపే గురువును నేను ఏ బడిలోనూ చూడలేదు.

ఈ కోపం నాకు మొదటి నుంచీ లేదు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ అలాంటి మాటలు చెప్పే మనిషినే. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక బొమ్మ కార్డు దగ్గర నాకు బుద్ధి వచ్చింది.

నా కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఫోనులో చూసి టారో, అంటే బొమ్మ కార్డులు తీసి ఫలం చెప్పడం, నేర్చుకుంది. డెబ్బై ఎనిమిది కార్డుల పెట్టె ఒకటి తెప్పించుకుంది. మాది చర్చి కుటుంబం. సోదె, జాతకం, చిలక జోస్యం లాంటివి గడప తొక్కనివ్వం. పెట్టె చూడగానే నేను గయ్యిమన్నాను.

"గిది జోస్యం కాదు మమ్మీ. మనసుల ఏమున్నదో సూసుకునుడు," అంది నా కూతురు. చాప మీద చున్నీ పరిచి కార్డులు కలపడం మొదలుపెట్టింది.

గోడకు ఆనుకుని మా అమ్మ కూర్చుని ఉంది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. ఒళ్లో చేట, చేటలో కందికాయలు. ఒలుస్తూనే ఒకసారి అటు చూసింది.

"చిలుక ఏదే?" అని అడిగింది మనవరాలిని.

నా కూతురు నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే అవ్వ తనంత తానుగా నోరు తెరిచి వారం అయింది. నా తమ్ముడు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. నాకంటే పదేళ్లు చిన్నవాడు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఆటో నడిపేవాడు. ఇంకా పెళ్లి కాలేదు. పచ్చకామెర్లు వచ్చి పదకొండు రోజుల్లో పోయాడు. ఆ తర్వాత అవ్వను ఊరి నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను.

ఆ ఏడాదిలో అవ్వ ఒక్కసారి కూడా ఏడవలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. వీధి చివర నిలబడి మాట్లాడితే ఇంట్లోకి వినపడే గొంతు ఆమెది. ఆ గొంతు అవునూ కాదూ దగ్గర ఆగిపోయింది. మోచేతి కింద ఆగే గాజులు మోచేయి దాటి పైకి పోతున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే అన్నీ నార్మల్ అని కాగితం ఇచ్చారు. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు, ఎంత గుండె ధైర్యం అన్నారు. నాకు మాత్రం తమ్ముడి వెనకే అవ్వ కూడా పోతోందని, రోజుకు ఇంత చొప్పున నా కళ్ల ముందే పోతోందని భయం పట్టుకుంది. ఏం చేయాలో తెలియలేదు. ఆ రోజు కార్డులు లోపల పెట్టమని గట్టిగా చెప్పకపోవడానికి కూడా ఆ భయమే కారణం.

"అమ్మమ్మా, నీ పేరు మీద ఒకటి తీస్తున్న," అని నా కూతురు ఒక కార్డు తిప్పింది.

ఎర్రటి గుండె. దానిలోకి మూడు కత్తులు దిగి ఉన్నాయి. వెనక బూడిదరంగు మబ్బులు, వాన. అంతే, బొమ్మలో ఇంకేం లేదు.

నా కూతురు ముఖం ఒక్క క్షణం మాడిపోయింది. వెంటనే సర్దుకుని, ఫోనులో నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. ఇది దుఃఖం కార్డు అమ్మమ్మా, కానీ చెడ్డది కాదు. దీని లోతైన అర్థం వేరే. దుఃఖం మన ఆత్మకు గురువు. కత్తి దిగిన చోటు నుంచే వెలుగు లోపలికి వస్తుంది. మనం దాన్ని ఒప్పుకోవాలి, దండం పెట్టాలి, వదిలెయ్యాలి.

విన్న మాటల్లాగే ఉన్నాయే అనుకున్నాను. తమ్ముడి సమాధి దగ్గర మా చర్చి సంఘ పెద్ద చెప్పినవి ఇవే. కార్డు ఆత్మ అన్న చోట ఆయన విశ్వాసం అన్నాడు, గురువు అన్న చోట దేవుడు అన్నాడు. మిగతాదంతా ఒకటే. ఎక్కడో అమెరికాలో అచ్చయిన కార్డూ, మా ఊరి పెద్దాయనా కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబుతున్నారంటే, ఏడ్చే మనిషిని చూసి భయపడనివాళ్లు ఈ భూమ్మీద ఎక్కడా లేరన్నమాట.

అవ్వ చేట పక్కన పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుని కార్డు అందుకుంది. ఆమెకు చదువు రాదు. బొమ్మను మాత్రం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ గుండె ఎవలిది బిడ్డా?"

"ఎవరిదీ కాదు అమ్మమ్మా. అందరిదీ."

"మూడు కత్తులు దిగినయి. నెత్తురు ఏది?"

నా కూతురు కార్డు వైపు వంగి చూసింది. నేనూ చూశాను. నిజమే, ఒక్క బొట్టు లేదు. కత్తులు ఈ పక్క దిగి ఆ పక్క తేలాయి, గుండె మాత్రం కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉంది.

"వాన పడుతున్నది గని ఏడ్సెటోళ్లు లేరు," అంది అవ్వ. "దీనికి మొఖం ఏది? కండ్లు లెవ్వు, నోరు లేదు. గుండెను మనిషిల నుంచి కోసి మబ్బుల యాలాడగట్టిండ్రు. ఇగ గిది ఎట్ల ఏడ్వాలె?"

అవ్వ కార్డును చాప మీద పెట్టి, నా కూతురి వైపు కాకుండా నా వైపు చూసింది.

"నోరు మూసినంక నెత్తురు బయటికి రాదు. లోపట్నే గడ్డ కడ్తది," అంది. మళ్లీ చేట ఒళ్లో పెట్టుకుని కందికాయలు ఒలవసాగింది.

నేను లేచి వంటింట్లోకి పోయాను. నా కుడి అరచేతిని చీర కొంగుతో గట్టిగా రుద్దుకున్నాను. ఎందుకు రుద్దుకున్నానో చెప్పాలంటే అవ్వ ఎలాంటి మనిషో చెప్పాలి.

మా ఊరు రుద్రూర్ దగ్గర. దారికి రెండు వైపులా చెరుకే. అవ్వ జీవితమంతా ఆ చెరుకులోనే కూలికి పోయింది. ముక్కలు నాటింది, కలుపు తీసింది, ఎండాకు గీరింది. చెరుకాకు కోసిన గీతలు ఆమె మోచేతుల నిండా ఇప్పటికీ ఉన్నాయి. అయితే చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఆమె తెలిసింది కూలి పనితో కాదు, శోకంతో. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయిన మనిషి చేసిన పనులు ఒక్కొక్కటే చెబుతూ ఏడుస్తారు. దాన్నే శోకం పెట్టడం అంటారు. అవ్వ అందులో ఆరితేరిన మనిషి. రెడ్ల ఇంట్లో చావైనా, మాదిగ ఇంట్లో చావైనా ఆమెకు కబురు వచ్చేది. ఏ దేవుణ్ణి మొక్కే ఇల్లని ఆమె అడగలేదు, వాళ్లూ అడగలేదు.

దానికి ఒక పద్ధతి ఉంది. ఏడ్చే మనిషి తనంత తాను ఆపకూడదు. ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి వీపు నిమిరి "ఊకో", అంటే ఇక ఊరుకో, అనాలి. మొదటిసారి అన్నప్పుడు ఊకోకూడదు. రెండోసారీ ఊకోకూడదు. మూడోసారి అన్నవాళ్లు నీళ్ల చెంబుతో వస్తారు, అప్పుడు ముఖం కడుక్కోవాలి. అంటే, నీ ఏడుపు పూర్తయ్యేదాకా మేం ఇక్కడే ఉన్నాం అని ఊరు ఇచ్చే మాట అది.

చదువుకున్న నాకు ఇదంతా నామోషీగా ఉండేది. మా బాపు పోయినప్పుడు బడి నుంచి తోటి టీచర్లు వచ్చారు. అవ్వ శోకం పెడుతుంటే అందులో ఒకామె నా చెవిలో, "మీ అమ్మగారు పాట పాడుతున్నారా?" అని అడిగింది. వెటకారమో, నిజంగానే తెలియకో. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకే తమ్ముడు పోయిన రోజు మా సంఘ పెద్ద వచ్చి, "మనం విశ్వాసులం, సాక్ష్యంగ నిలబడాలె, పరలోక నిరీక్షణ లేనోళ్ల లెక్క ఏడ్వద్దు," అన్నప్పుడు నాకు బాధ కలగలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, హమ్మయ్య అనిపించింది.

తమ్ముడి శవపెట్టెను గుంటలోకి దించారు. అవ్వ నా పక్కనే ఉంది. ఊపిరి పీల్చుకుని, తల పైకెత్తి, "నా కొడు..." అనేంతవరకే అనగలిగింది. నా అరచేయి వెళ్లి ఆమె నోటి మీద పడింది.

"ఊకో అవ్వా, అందరు సూస్తున్నరు," అన్నాను.

ఏడుపు మొదలుకాకముందే ఊకో అన్నాను. మా వైపు పుట్టి పెరిగిన మనిషి ఎవరూ చేయకూడని పని అది. పరాయి ఊరి మనిషైతే తెలియక చేసింది అనొచ్చు. నాకు తెలుసు. అవ్వ ఊపిరి వేడిగా నా అరచేతికి తగిలింది. ఆమె నా కళ్లలోకి ఒకసారి చూసింది. నోరు మూసుకుంది. అప్పటి నుంచి మూసుకునే ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం నేను అవ్వ పక్కన కూర్చుని అడిగాను. "తమ్ముని ఏడాది ప్రార్థన కూటానికి ఊరికి పోతున్నం గద. ఈసారి ఏడ్వు అవ్వా. ఎవలేమన్న నేను సూసుకుంట."

"ఏడ్వుమంటె వస్తదా? నల్లా తిప్పుతె నీళ్లొచ్చినట్టా?" అంది. కొంచెం ఆగి, "ఒక్కదాన్ని ఎట్ల ఏడుస్త? మెడ పట్టుకునెటోళ్లు ఉండాలె," అంది.

ఆమెతో కలిసి శోకం పెట్టిన ఆడవాళ్లలో ఇద్దరు పోయారు, ఒకామె మంచంలో ఉంది. మిగిలింది నేనే. నాకు రాదు. నాకు వచ్చింది తెలుగు పాఠం. కాబట్టి పంతులమ్మ చేసే పనే చేశాను. నోటు పుస్తకం తీసి, మంచి మంచి మాటలతో నాలుగు వాక్యాలు రాసుకుని, బట్టీ పట్టాను.

ఏడాది కూటం రోజు పొద్దున ఊరికి చేరాం. సమాధికి సున్నం వేయించి ఉంచారు. చుట్టాలు, చర్చివాళ్లు పాతిక మంది దాకా వచ్చారు. ఇంటి దగ్గర బగారన్నం పొయ్యి మీద ఉంది. సమాధుల స్థలాన్ని ఆనుకుని ఉన్న చేనులో చెరుకు కొడుతున్నారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు, మొగుడూ పెళ్లాలు జంటలుగా నరుకుతున్నారు. గట్టు మీద ట్రాక్టరు నిలబడి ఉంది.

సంఘ పెద్ద ప్రార్థన చేశాడు. మంచి మనిషే, తమ్ముడి చివరి రోజుల్లో ఆసుపత్రిలో మాతోపాటు కూర్చున్నాడు. కానీ మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. ప్రార్థన తర్వాత చేను వైపు చెయ్యి చూపించి, "నరికిన చెరుకు మోడు మల్ల చిగురు వెట్టినట్టు, దేవుడు మనల్ని దుఃఖంతోని..." అని అందుకున్నాడు.

చెరుకు మోడు సంగతి మా అవ్వకు చెబుతున్నాడు! మోడు రెండుసార్లు చిగురిస్తుంది, మహా అయితే మూడుసార్లు. తర్వాత తవ్వి, కుప్ప పోసి, కాల్చేస్తారు. ఆ కాల్చే పనికి కూడా అవ్వే కూలికి పోయింది.

"అయ్యా, జర ఆగుండ్రి," అన్నాను.

ఆయన ఆగాడు. నేను సమాధి పక్కన నేల మీద కూర్చున్నాను. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని మెడ చుట్టూ చేతులు వేశాను. బడిలో నేను పాఠం చెప్పిన పిల్లల తల్లులు ఇద్దరు నిజామాబాద్ నుంచి వచ్చి ఆ గుంపులో ఉన్నారు. ఉండనీ అనుకుని, గొంతు విప్పి మొదలుపెట్టాను.

"ఓ సోదరా, మమ్ము విడనాడి సుదూర తీరాలకు..."

ఎవరో ముక్కు చీదారు, నవ్వు ఆపుకోవడానికో ఏమో. అవ్వ నా చెవి దగ్గర మెల్లగా అంది. "గది బడి మాట. గట్ల కాదు బిడ్డా. వాని పని చెప్పు. వాడు నీకేం చేసిండో చెప్పు."

వాడు నాకేం చేశాడు? నాకు వెంటనే గుర్తొచ్చింది ఒకటే. ఏడాదిగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిచాను, అది దానంతటదే వచ్చింది.

"వాన పడ్డనాడల్ల ఆటో తెస్తివి తమ్ముడా... బడి కాడ దించుత అక్కా అంటివి తమ్ముడా... గేటు కాడికి రావద్దంటి తమ్ముడా, మూల కాడ్నే ఆపుమంటి తమ్ముడా... నా తమ్ముడు ఆటో తోలుతడని తెలుస్తదని సిగ్గువడితి తమ్ముడా... మూల కాడ్నే ఆపితివి తమ్ముడా, ఎందుకక్కా అని అడుగకపోతివి తమ్ముడా..."

అవ్వ చేతులు నా వీపు మీద బిగుసుకున్నాయి. ఆమె పక్కటెముకలు కదలడం నాకు తెలిసింది. ఆ తర్వాత ఆ గొంతు వచ్చింది. మొదట బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా వచ్చింది. రెండో మాటకు చేను అవతలికి వినపడేలా లేచింది.

"చెరుకు గడ తెచ్చి చెక్కు తీస్తివి కొడుకా... పండ్లు లేని తల్లికి రోట్ల దంచితివి కొడుకా... బట్టల పిండి గిలాసల వోస్తివి కొడుకా... ఎక్కడున్నవ్‌రా అంటె గిదో వస్తున్న అంటివి కొడుకా... బోధన్‌ల ఉండి ఊరికాడ ఉన్న అంటివి కొడుకా... అన్నీ అబద్దాలే ఆడితివి కొడుకా... ఆ అబద్దం ఇప్పుడొక్కసారి ఆడు కొడుకా... గిదో వస్తున్న అను కొడుకా..."

పోయినవాణ్ణి దేవదూతను చేసి ఏడిస్తే అది పొగడ్త అవుతుంది. అవ్వ వాణ్ణి ఉన్నది ఉన్నట్టు పిలిచింది, అబద్ధాలతో సహా. వాడు ఆటో హారన్ కొడుతూ ఆ గట్టు మలుపు తిరుగుతాడేమో అనిపించేంతగా పిలిచింది. నవ్వు ఆపుకున్నవాళ్లెవరో గానీ ఇప్పుడు ఏడుస్తున్నారు.

"తల్లీ, ఇగ ఊకోండ్రి," అన్నాడు సంఘ పెద్ద. అవ్వ ఊకోలేదు.

చేనులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. నరికే ఆడవాళ్లలో ఒకామె గట్టు దాటి వచ్చింది. తలకు గుడ్డ, చేతిలో చెరుకు కొట్టే కత్తి. కత్తిని సమాధుల స్థలం బయటే పెట్టింది. మేమెవరమో తెలియదు, మా భాష రాదు. వచ్చి అవ్వకు అటు పక్కన కూర్చుని, మెడ చుట్టూ చెయ్యి వేసి, మరాఠీలో ఎవరినో తలుచుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆమెకు పోయినవాళ్లు ఎవరో నేను అడగలేదు.

"ఊకోండ్రి తల్లీ," అన్నాడు సంఘ పెద్ద రెండోసారి.

ఆ మరాఠీ ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. "రడూ ద్యా," అంది. ఏడవనివ్వండి అని. సరిహద్దు ఊళ్లవాళ్లం, ఆ మాత్రం మరాఠీ మాకందరికీ వచ్చు. ఆయన తల దించుకున్నాడు.

నా దేవుణ్ణి నేను వదలలేదు, ఆ మాట కూడా ఇక్కడే చెప్పాలి. అవ్వ ఏడుపు విని తట్టుకోలేనంత చిన్నవాడు కాదు ఆయన. తట్టుకోలేనిది మేమే. మా చేతకానితనానికి ఆయన పేరు పెట్టి, విశ్వాసం అన్నాం. దుఃఖానికి లోతైన అర్థం ఏదైనా ఉందంటే నాకు తెలిసింది ఒకటే. దానికి ఒక ముఖం కావాలి, ఒక నోరు కావాలి, మెడ పట్టుకునే మనిషి కావాలి. మిగతా అర్థాలన్నీ ఏడవనివాళ్లు కూర్చుని రాసుకున్నవి.

ఎంతసేపైందో తెలియదు. ఇంటి దగ్గర అన్నం దించేశారని ఎవరో వచ్చి చెప్పారు. సంఘ పెద్ద మూడోసారి వచ్చాడు. ఈసారి చేతిలో నీళ్ల చెంబు ఉంది. పద్ధతి ఆయనకూ తెలుసు, ఆయనా ఈ ఊరి మనిషే కదా. వంగి మెల్లగా, "ఇగ ఊకో అక్కా," అన్నాడు.

అవ్వ ముఖమంతా తడి. చెంబు వైపు చూసింది, తీసుకోలేదు.

"ఊకో అనవలసింది నువ్వు కాదు అయ్యా. నా బిడ్డ," అంది. "ఏడాది కింద అన్నది, అప్పటిసంది ఊకున్న. ఇప్పుడు మల్ల అది అంటె ఊకుంట."

అందరూ నా వైపు చూశారు. వెనక నా కూతురు కొవ్వొత్తుల పొట్లం పట్టుకుని నిలబడి ఉంది. పెద్దాయన చెంబు పట్టుకుని అలాగే ఎదురుచూస్తున్నాడు. నేను ఏడాది కింద ఆమె నోరు మూసిన అరచేతితోనే ఆమె చెంపలు తుడిచాను.

"నేను అనను అవ్వా," అన్నాను. "ఏడ్వు."

పెద్దాయన చెంబు నేల మీద పెట్టి, మా ఎదురుగా కూర్చున్నాడు. అవ్వ ఊపిరి పీల్చుకుని, తమ్ముడు పుట్టిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.